కార్ట్రిడ్జ్ పొంతన: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా కార్ట్రిడ్జ్ (టర్న్‌టేబుల్ ఆర్మ్ కొనన ఉండి, రికార్డు గాడిలో నడిచే ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న డబ్బీ) ఎంపిక గురించినవే. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, ప్రశ్నలను కుదించి ఇక్కడ ఇస్తున్నాను. సమాధానాలలో అక్కడక్కడా లెక్కలు వస్తాయి. గుణకారం, వర్గమూలం తెలిసినవారెవరైనా వేయగలిగినవే కనుక వాటిని దాటవేయవద్దని మనవి. కార్ట్రిడ్జ్ కొన్నాక పశ్చాత్తాపపడుతూ రాసే ఉత్తరాలు ఏటా చదువుతున్నాను. వాటిలో ఎక్కువ భాగం, కొనే ముందు ఐదు నిమిషాలు కాగితం మీద లెక్క వేసి ఉంటే రాయవలసిన అవసరమే రానివి.

ప్రశ్న: నా టర్న్‌టేబుల్ ఆర్మ్‌కు ఎఫెక్టివ్ మాస్ 9 గ్రాములని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచే నా ఫోనో ప్రీయాంప్ మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌ల కోసం చేసినది. గెయిన్ 40 డెసిబెల్స్, ఇన్‌పుట్ 47 కిలోఓమ్‌లు. మూవింగ్ కాయిల్ రకానికి చెందిన డెనాన్ డీఎల్-103 గురించి మిత్రులు గొప్పగా చెబుతున్నారు. నేను దానిని కొనవచ్చునా?

జవాబు: ఇప్పుడున్న పరికరాలతో వద్దనే చెబుతాను. అయితే అది ఎందుకు వద్దో వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే డీఎల్-103 మంచి కార్ట్రిడ్జ్. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె అవసరాల కోసం 1960ల మొదట్లో రూపొందిన ఈ కార్ట్రిడ్జ్ ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా తయారవుతూనే ఉంది. దానిలో లోపం లేదు. మీ ఆర్మ్‌కు, మీ ప్రీయాంప్‌కు దానితో పొంతన కుదరదు.

ముందుగా ఆర్మ్ సంగతి చూద్దాం. ఎఫెక్టివ్ మాస్ అంటే ఆర్మ్‌ను తక్కెడలో పెట్టి తూచిన బరువు కాదు. ముల్లు ఉన్న చోట నుంచి ఆర్మ్‌ను కదిలించబోతే అది ఎంత బరువుగా తోస్తుందో ఆ విలువ. తలుపును గడియ దగ్గర పట్టుకుని తోసినప్పుడు, మడతబందు పక్కన తగిలించిన బరువు చేతికి ఏమాత్రం తెలియదు. అదే బరువును గడియకు తగిలిస్తే వెంటనే తెలుస్తుంది. అందుకే వెనుక ఉండే కౌంటర్‌వెయిట్ వంద గ్రాములున్నా ఇరుసుకు దగ్గరగా ఉండటం వల్ల లెక్కలోకి కొద్దిగానే వస్తుంది. ముందు కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్, కార్ట్రిడ్జ్, మరలు మాత్రం దాదాపు తమ పూర్తి బరువుతో వస్తాయి.

ఇక కంప్లయన్స్ అంటే, ముల్లును మోసే సన్నని కడ్డీ (కాంటిలీవర్) వెనుక ఉన్న రబ్బరు ఎంత సులువుగా వంగుతుందో చెప్పే కొలత. అంకె పెద్దదైతే రబ్బరు మెత్తన, చిన్నదైతే గట్టి. మెత్తని రబ్బరు మీద బరువు ఉంచితే అది తన సొంత వేగంతో ఊగుతుంది. ఆర్మ్ బరువు, కార్ట్రిడ్జ్ రబ్బరు కలిసి అలా ఊగే పౌనఃపున్యాన్నే రెసొనెన్స్ అంటున్నాం. రికార్డులోని వంకరలు పుట్టించే కదలికలు ఎక్కువగా 6 హెర్ట్జ్ లోపల ఉంటాయి. సంగీతం సుమారు 20 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. ఈ రెండింటి నడుమ ఎవరికీ అక్కరలేని ఖాళీ జాగా ఉంది. రెసొనెన్స్ ఆ ఖాళీలో, అంటే 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. లెక్క ఇది: ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్ బరువు, మరల బరువు గ్రాములలో కూడండి, ఆ మొత్తాన్ని కంప్లయన్స్ అంకెతో గుణించండి, వచ్చినదాని వర్గమూలంతో 159ని భాగించండి. జవాబు హెర్ట్జ్‌లలో వస్తుంది.

డీఎల్-103 బరువు 8.5 గ్రాములు, దాని పత్రంలో కంప్లయన్స్ 5 అని ఉంటుంది. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. జపాన్ తయారీదారులు ఈ అంకెను 100 హెర్ట్జ్ వద్ద కొలిచి ఇస్తారు. మన లెక్కకు కావలసినది 10 హెర్ట్జ్ వద్ద ఉండే విలువ. నెమ్మదైన కదలికకు రబ్బరు ఇంకాస్త మెత్తగా స్పందిస్తుంది కనుక 100 హెర్ట్జ్ అంకెను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవడం వాడుక. ఇది ఉజ్జాయింపే. ఇక్కడ 9 అనుకుందాం. 9 గ్రాముల ఆర్మ్, 8.5 గ్రాముల కార్ట్రిడ్జ్, 1 గ్రాము మరలు కలిపి 18.5, దానిని 9తో గుణిస్తే 166.5, వర్గమూలం సుమారు 12.9, కనుక రెసొనెన్స్ 12.3 హెర్ట్జ్. హద్దు మీద ఉంది. దీనివల్ల ఏ ప్రమాదమూ జరగదు కానీ, ఇంత గట్టి రబ్బరు ఉన్న కార్ట్రిడ్జ్ అంత తేలిక ఆర్మ్‌లో నిలకడగా కూర్చోదు. మంద్ర స్వరాలు పలచబడి, పెద్ద శబ్దాల దగ్గర ఆర్మ్ కూడా ముల్లుతో పాటు కదలబోతుంది. హెడ్‌షెల్ వద్ద ఇంకో 6 గ్రాములు చేర్చితే మొత్తం 24.5 అవుతుంది, రెసొనెన్స్ 10.7 హెర్ట్జ్‌కు దిగుతుంది. అప్పుడు మీ కౌంటర్‌వెయిట్ అంత బరువును సరితూచగలదా అన్నది కూడా చూసుకోవాలి.

అసలు అడ్డంకి ప్రీయాంప్ వద్ద వస్తుంది. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లో ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదులుతుంది. తీగచుట్ట కదలదు కనుక దానిలో ఎన్ని వేల చుట్లైనా చుట్టవచ్చు. అందువల్ల సాధారణంగా 3 నుంచి 5 మిల్లీవోల్టులు వస్తాయి. మూవింగ్ కాయిల్‌లో కదిలేది చుట్టే కనుక అది తేలికగా ఉండాలి, చుట్లు తక్కువగా ఉండాలి. డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు మాత్రమే. 40 డెసిబెల్స్ అంటే వంద రెట్లు. 5 మిల్లీవోల్టులు వందరెట్లై అర వోల్టు అవుతుంది, ఏ యాంప్లిఫయర్‌కైనా అది చాలు. 0.3 వందరెట్లైతే 30 మిల్లీవోల్టులే. మీరు వాల్యూమ్‌ను చివరి దాకా తిప్పినా సంగీతం ఎక్కడో దూరాన వినబడుతుంది, దానికన్నా ముందు ప్రీయాంప్ సొంత బుసబుస వినబడుతుంది. ఈ కార్ట్రిడ్జ్‌కు 60 డెసిబెల్స్, అంటే వెయ్యి రెట్లు కావాలి. లోడ్, అంటే కార్ట్రిడ్జ్‌కు ప్రీయాంప్ ఇన్‌పుట్ చూపే నిరోధం కూడా 47 కిలోఓమ్‌లు కాక వందల ఓమ్‌లలో ఉండాలి. దీనికి 100 ఓమ్‌లకు తగ్గకుండా పెట్టమని తయారీదారు సూచిస్తారు.

మీ ఆర్మ్‌కు చక్కగా అమరేది 10 హెర్ట్జ్ వద్ద 15 నుంచి 20 మధ్య కంప్లయన్స్ ఉండి, 6 లేదా 7 గ్రాములు తూగే మూవింగ్ మాగ్నెట్. కంప్లయన్స్ 18, బరువు 6.5 అనుకుంటే రెసొనెన్స్ 9.2 హెర్ట్జ్ వస్తుంది; ప్రీయాంప్ మార్చవలసిన పని లేదు. మూవింగ్ కాయిల్ కోసం దాచిన డబ్బును అదే కార్ట్రిడ్జ్‌లో మెరుగైన ముల్లుకు ఖర్చు పెట్టండి. కార్ట్రిడ్జ్ ఏ రకానిదన్న దానికంటే ముల్లు ఎలా చెక్కబడిందన్నదే చెవికి ఎక్కువ తెలుస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న: మూడు వారాల క్రితం కొత్త మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ బిగించాను. గాయకులు పలికే ‘స’, ‘శ’ చెవిలో గుచ్చుకుంటున్నాయి, తాళాల చప్పుడు రేకు మీద కొట్టినట్టుంది. పాత కార్ట్రిడ్జ్‌తో ఇలా లేదు. కొన్ని గంటలు వాడితే సర్దుకుంటుందని అమ్మినవారు అంటున్నారు. ఎంతకాలం ఆగాలి?

జవాబు: మొదటి ఇరవై, ముప్పై గంటలలో రబ్బరు కొంత సడలడం నిజమే. కానీ మీరు వర్ణించినది దానివల్ల పోయేది కాదని అనుకుంటున్నాను.

ముందు ఒక పరీక్ష చేయండి. ఒక రికార్డు తొలి పాటను, అదే వైపు చివరి పాటను వెంట వెంటనే వినండి. మొదట్లో శుభ్రంగా ఉండి, మధ్యభాగానికి దగ్గరయ్యే కొద్దీ సకారాలు చితికిపోతుంటే అది అమరికలో లోపం; హెడ్‌షెల్‌లో కార్ట్రిడ్జ్ ముందువెనుకల స్థానాన్ని, కోణాన్ని ప్రొట్రాక్టర్‌తో (అమరిక గుర్తులున్న పలకతో) సరిచేయాలి. బేర్‌వాల్డ్ పద్ధతి ప్రకారమైతే రికార్డు తిరిగే ఇరుసు మధ్య నుంచి 66 మిల్లీమీటర్ల వద్దా, 120.9 మిల్లీమీటర్ల వద్దా కాంటిలీవర్ గాడికి తిన్నగా ఉండాలి. కార్ట్రిడ్జ్ డబ్బీ అంచును చూసి అమర్చకండి, కాంటిలీవర్‌నే చూడండి. రెండూ ఒకే దిక్కుగా లేని కార్ట్రిడ్జ్‌లు నా చేతికి చాలాసార్లు వచ్చాయి. అలా కాక, మొదటి గాడి నుంచి చివరి గాడి దాకా ఒకే తీరున గుచ్చుకుంటుంటే మాత్రం కెపాసిటెన్స్‌ను (తీగలు, ఇన్‌పుట్ విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణాన్ని) అనుమానించాలి. మీ ఉత్తరాన్ని బట్టి ఇది రెండవదేనని తోస్తున్నది.

మూవింగ్ మాగ్నెట్‌లోని తీగచుట్టకు ఇండక్టెన్స్, అంటే విద్యుత్తులోని మార్పును అడ్డుకునే గుణం ఉంటుంది. ఆర్మ్ లోపలి తీగలు, బయటి కేబుల్, ప్రీయాంప్ ఇన్‌పుట్, ఈ మూడింటి కెపాసిటెన్స్ కలిసి ఆ ఇండక్టెన్స్‌తో మరో రెసొనెన్స్‌ను, ఈసారి విద్యుత్ రెసొనెన్స్‌ను తయారు చేస్తుంది. దానికి కాస్త దిగువన శబ్దం గుట్టలా పైకి లేస్తుంది. పైన నిటారుగా పడిపోతుంది. మీరు పంపిన పత్రం ప్రకారం కార్ట్రిడ్జ్ ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు, అడిగిన లోడ్ కెపాసిటెన్స్ 100 నుంచి 200 పికోఫారడ్‌లు. మొత్తం 150 ఉన్నట్లయితే ఆ రెసొనెన్స్ 17,500 హెర్ట్జ్ దగ్గర, చెవికి దాదాపు అందని చోట పడుతుంది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నదానిని కూడి చూడండి. ఆర్మ్ తీగలకు ఒక 30, మీటరుకు 100 చొప్పున ఒకటిన్నర మీటర్ల కేబుల్‌కు 150, ప్రీయాంప్ పత్రంలో రాసిన 220. అన్నీ కలిపి 400 పికోఫారడ్‌లు. రెసొనెన్స్ 10,700 హెర్ట్జ్‌కు దిగివచ్చింది. సకారాలూ తాళాలూ నివసించే తావులోనే గుట్ట లేచింది. దానికి పైన ఉండవలసిన గాలి, విశాలత పోయాయి. ఒకే సమయంలో గుచ్చుకుంటున్నట్టూ, పైన మూత పెట్టినట్టూ ఉండటం దీని గుర్తు. మీ పాత కార్ట్రిడ్జ్‌కు ఇండక్టెన్స్ తక్కువై ఉంటుంది, అందుకే దానికి ఈ బాధ తెలియలేదు.

ప్రీయాంప్ అడుగున చిన్న స్విచ్‌లు ఉన్నాయేమో చూడండి. కొన్నింటిలో ఇన్‌పుట్ కెపాసిటెన్స్ మార్చుకోవచ్చు. అలా లేకపోతే కేబుల్‌ను పొట్టిదిగా, మీటరుకు 50 లేదా 60 పికోఫారడ్‌లు మించనిదిగా మార్చండి. మీటరు లోపు కేబుల్ చాలినట్లయితే దానితోనే దాదాపు 100 పికోఫారడ్‌లు తగ్గుతాయి. ఈ రెండూ కుదరకపోతే ప్రీయాంప్‌తో కాక కార్ట్రిడ్జ్‌తోనే రాజీ పడాలి. ఉదాహరణకు ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు తయారీదారు 150 నుంచి 300 దాకా అనుమతిస్తారు. గ్రాడో వారి మూవింగ్ ఐరన్ (అయస్కాంతానికి బదులు చిన్న ఇనుప ముక్క కదిలే) కార్ట్రిడ్జ్‌ల ఇండక్టెన్స్ పదింట ఒక వంతే కావడం వల్ల వాటికి కేబుల్ ఏదైనా ఒకటే.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ లెక్క మూవింగ్ మాగ్నెట్‌కు వర్తించేది. మూవింగ్ కాయిల్ ఇండక్టెన్స్ చాలా స్వల్పం కనుక దానికి పికోఫారడ్‌ల బెడద దాదాపు లేదు. దానికి ఓమ్‌ల లెక్క ముఖ్యం.

ప్రశ్న: రికార్డు తిరుగుతుంటే స్పీకర్ల పెద్ద కోన్లు శబ్దం లేకుండానే ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి. ఆర్మ్ పాతకాలపు ఎస్ ఆకారపుది, ఎఫెక్టివ్ మాస్ 18 గ్రాములు. కార్ట్రిడ్జ్ బరువు 6 గ్రాములు, కంప్లయన్స్ 30. రికార్డులు మరీ వంకరగా ఏమీ లేవు.

జవాబు: మీరు ఇచ్చిన అంకెలే జవాబు చెబుతున్నాయి. 18, 6, మరలకు 1 కలిపి 25, 30తో గుణిస్తే 750, వర్గమూలం 27.4, రెసొనెన్స్ 5.8 హెర్ట్జ్. సరిగ్గా వంకరల పౌనఃపున్యాల మధ్యకు వచ్చి కూర్చుంది. కంటికి బల్లపరుపుగా కనిపించే రికార్డులో కూడా చిన్న అలలు ఉంటాయి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో ఒక చుట్టుకు పది అలలుంటే అది 5.6 హెర్ట్జ్ అవుతుంది.

ఒక టార్చిలైటును రికార్డు తిరిగే పళ్లెం పక్కన ఉంచి, భూతద్దంతో ముల్లు మొదలును గమనించండి. మంచి జోడీలో అల వచ్చినప్పుడు ఆర్మ్, కార్ట్రిడ్జ్ రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి. కాంటిలీవర్ కోణం మారదు. మీ దగ్గర అల దాటిపోయిన తర్వాత కూడా హెడ్‌షెల్ రెండు మూడు సార్లు తలూపుతుంది, కార్ట్రిడ్జ్ పొట్ట రికార్డుకు తగిలేంత దగ్గరగా వచ్చి మళ్లీ దూరంగా పోతుంది. నా దగ్గర ఒకప్పుడు ఇలాంటి జోడీయే ఉండేది. ఆర్మ్ తలూపడాన్ని రోజుల తరబడి చూస్తూ, రికార్డులే వంకరవని వాటి మీద పుస్తకాలు పేర్చి బరువు పెట్టాను. రికార్డులకు ఏమీ కాలేదు. కార్ట్రిడ్జ్ మార్చిన పూట ఊపు ఆగిపోయింది.

తేలికైన హెడ్‌షెల్ వేస్తే కొంత మేలు. 6 గ్రాములు తగ్గితే 6.7 హెర్ట్జ్‌కు చేరుతుంది, అంతకుమించి కాదు. ఇటువంటి మెత్తని కార్ట్రిడ్జ్‌లు తేలిక ఆర్మ్‌లు రాజ్యమేలిన 1970లలో ఎక్కువగా వచ్చాయి; వాటిని బరువు ఆర్మ్‌లో పెట్టడం వాటికీ మంచిది కాదు. షూర్ వి15 టైప్ 5లో ముందువైపు డ్యాంపర్‌తో కూడిన చిన్న కుంచె ఉండేది. వంకర రికార్డుల మీద ఆ ఊపును అదే పట్టి ఆపేది. షూర్ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీని పూర్తిగా విరమించింది. మీ ఆర్మ్‌కు కంప్లయన్స్ 10 ఉన్న 7 గ్రాముల కార్ట్రిడ్జ్ 9.9 హెర్ట్జ్ ఇస్తుంది, 15 ఉన్నది 8.1 ఇస్తుంది. మొదటి ప్రశ్నలోని పాఠకుడికి వద్దన్న డీఎల్-103 మీ ఆర్మ్‌లో సుమారు 10 హెర్ట్జ్ వద్ద నిలుస్తుంది. ప్రీయాంప్‌లో మూవింగ్ కాయిల్‌కు వీలుంటే అది మీకు తగినదే.

కొత్త కార్ట్రిడ్జ్ కొనే దాకా ప్రీయాంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (చెవికి అందనంత తక్కువ పౌనఃపున్యాలను ఆపేది) ఉంటే వేయండి. స్పీకర్లకు రక్షణ దొరుకుతుంది, కానీ ముల్లు గాడిలో పడుతున్న అవస్థ తీరదు.

ప్రశ్న: రికార్డులు అరిగిపోకూడదని ట్రాకింగ్ ఫోర్స్‌ను (ముల్లు గాడిని నొక్కే బరువును) 1.2 గ్రాములకు తగ్గించి వింటున్నాను. కార్ట్రిడ్జ్ పెట్టె మీద 1.6 నుంచి 2.0 అని ఉంది. ఇది మంచిదేనా?

జవాబు: కాదు, దయచేసి ఈ రోజే మార్చండి. ముల్లు తేలికగా ఉంటే పెద్ద శబ్దం వచ్చిన చోట గాడి గోడను వదిలి గాలిలోకి లేచి, మళ్లీ వజ్రం అంచుతో గోడ మీద పడుతుంది. రికార్డులు పాడయ్యేది అక్కడే, సరైన బరువుతో నెమ్మదిగా తోసుకుపోయే ముల్లు వల్ల కాదు. ఇచ్చిన అంకెల మధ్యభాగంలో, లేదా కొంచెం పైన, 1.8 లేదా 1.9 వద్ద పెట్టండి. కౌంటర్‌వెయిట్ మీది అంకెలను నమ్మవద్దు. చిన్న డిజిటల్ త్రాసుతో రికార్డు ఉండే ఎత్తులోనే కొలవండి.

ప్రశ్న: నా ప్రీయాంప్ మూవింగ్ మాగ్నెట్ రకమే అయినా నాకు చాలా ఇష్టం, మార్చాలని లేదు. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మూవింగ్ కాయిల్ వాడవచ్చునని విన్నాను. ఎన్ని రెట్లది తీసుకోవాలి?

జవాబు: వాడవచ్చు, చక్కగా వాడవచ్చు. అయితే ఎక్కువ రెట్లైతే ఎక్కువ మేలు అనుకోవడం పొరపాటు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని ఎన్ని రెట్లు పెంచుతుందో, ప్రీయాంప్ ఇన్‌పుట్ ఓమ్‌లను ఆ అంకె వర్గంతో భాగించి కార్ట్రిడ్జ్‌కు చూపిస్తుంది. పది రెట్లదైతే 47,000ను 100తో భాగించగా 470 ఓమ్‌లు. ఇరవై రెట్లదైతే 400తో భాగించగా 117. ముప్పై రెట్లదైతే 52 ఓమ్‌లే.

0.3 మిల్లీవోల్టు ఇచ్చి, లోపలి నిరోధం 40 ఓమ్‌లు ఉన్న కార్ట్రిడ్జ్‌కు పది రెట్ల ట్రాన్స్‌ఫార్మర్ 3 మిల్లీవోల్టులు తెస్తుంది, 470 ఓమ్‌ల లోడ్ చూపిస్తుంది. రెండూ చక్కని అంకెలే. అదే కార్ట్రిడ్జ్‌కు ముప్పై రెట్లది పెడితే 52 ఓమ్‌ల లోడ్ వల్ల వచ్చిన వోల్టేజిలో దాదాపు సగం కార్ట్రిడ్జ్ లోపలే పోతుంది, శబ్దం ముడుచుకుపోయినట్టవుతుంది. ముప్పై రెట్లది లోపలి నిరోధం 2, 3 ఓమ్‌లు ఉండే కార్ట్రిడ్జ్‌ల కోసం. అందుచేత ముందు కార్ట్రిడ్జ్‌ను నిర్ణయించుకుని, దాని నిరోధం చూసి, ఆ తర్వాతే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. దానిని యాంప్లిఫయర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, ప్రీయాంప్‌కు దగ్గరగా, పొట్టి కేబుల్‌తో పెట్టండి. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే మోత) వస్తే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెను నెమ్మదిగా తిప్పి చూడండి. ఏదో ఒక కోణంలో అది బాగా తగ్గుతుంది.

సుమారు 2 మిల్లీవోల్టులు ఇచ్చే హై-అవుట్‌పుట్ మూవింగ్ కాయిల్ కూడా ఒక దారి. అది మీ ప్రీయాంప్‌కు నేరుగా తగులుతుంది. కాకపోతే చుట్లు పెరిగి కదిలే బరువు పెరుగుతుంది కనుక, సౌలభ్యాన్ని తీసుకుంటూ మూవింగ్ కాయిల్ గొప్పతనాన్ని కొంత వదులుకున్నట్టవుతుందని నాకనిపిస్తుంది.

ప్రశ్న: ఆర్మ్ రికార్డు మధ్యకు వెళ్లే కొద్దీ హమ్ పెరుగుతోంది. గ్రౌండ్ తీగ బిగించే ఉంది.

జవాబు: రికార్డు తీసివేసి, మోటారు తిరుగుతుండగా, ముల్లును దించకుండా ఆర్మ్‌ను చేత్తో పట్టుకుని బయటి అంచు నుంచి లోపలికి నెమ్మదిగా జరపండి. హమ్ ఎక్కడైనా ఒకేలా ఉంటే గ్రౌండ్ లేదా కేబుల్ లోపం. జరిపే కొద్దీ మారితే, మోటారు అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్ పట్టుకుంటున్నదని అర్థం. కవచం లేని కార్ట్రిడ్జ్‌లు, ముఖ్యంగా కొన్ని మూవింగ్ ఐరన్ రకాలు, పళ్లెం కిందనే మోటారు ఉన్న టర్న్‌టేబుల్‌లలో ఇలా చేస్తాయి. పళ్లెం మీద మందమైన మ్యాట్ వేస్తే కాస్త తగ్గుతుంది. అప్పుడు ఆర్మ్ ఎత్తు కూడా అంత మేరకు పెంచాలి. పూర్తిగా పోవాలంటే కవచం ఉన్న కార్ట్రిడ్జ్ తప్పదు.

అయస్కాంతాల సంగతి వచ్చింది కనుక పాత టర్న్‌టేబుల్ ఉన్నవారికి ఇంకో హెచ్చరిక. 1957లో వచ్చిన థోరెన్స్ టీడీ 124 తొలి యంత్రాలలో పళ్లెం పోత ఇనుముది. బలమైన అయస్కాంతం గల మూవింగ్ కాయిల్‌ను ఆ పళ్లెం కిందికి లాగుతుంది. మీరు పెట్టిన ట్రాకింగ్ ఫోర్స్‌కు ఆ లాగుడు కూడా తోడవుతుంది. మీ పళ్లేనికి చిన్న అయస్కాంతాన్ని ఆనించి చూడండి. అతుక్కుంటే, ఫోర్స్‌ను ఇనుము దగ్గర కొలిచి సరిచేసుకోవాలి, లేదా మూవింగ్ మాగ్నెట్‌తో సరిపెట్టుకోవాలి.

ప్రశ్న: ఇంట్లో ఎల్‌పీలతో పాటు పాత 78 ఆర్‌పీఎం రికార్డులు, 1950ల మోనో ఎల్‌పీలు ఉన్నాయి. ఒకే కార్ట్రిడ్జ్‌తో అన్నీ వినవచ్చా? ఎల్‌పీలకు ఏ ఆకారపు ముల్లు తీసుకోవాలి?

జవాబు: ఒకే కార్ట్రిడ్జ్ డబ్బీతో కుదురుతుంది, ఒకే ముల్లుతో కుదరదు. మూవింగ్ మాగ్నెట్‌లో ముల్లు ఊడదీసి మార్చుకోవచ్చు కనుక మీకు ఆ రకమే తగినది. ఒకే డబ్బీకి 78ల ముల్లు, ఎల్‌పీల ముల్లు విడివిడిగా దొరికే కార్ట్రిడ్జ్‌ను ఎంచుకోండి.

78ల గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల వ్యాసార్ధం గల ముల్లు కావాలి. ఇప్పటి స్టీరియో శంఖాకారపు ముల్లు 15 నుంచి 18 మైక్రాన్లే. అది 78 గాడి అడుగుకు జారిపోయి, అక్కడి దుమ్ములో దొర్లుతూ గరగర తప్ప మరేమీ వినిపించదు. 1948లో ఎల్‌పీ వచ్చినప్పుడు ముల్లు 25 మైక్రాన్లు; స్టీరియో రికార్డులు 1950ల చివర వచ్చాక ఇంకా సన్నబడింది. మీ మోనో ఎల్‌పీలు స్టీరియో ముల్లుతో బాగానే వినిపిస్తాయి, యాంప్లిఫయర్‌లో మోనో స్విచ్ వేస్తే పైకీ కిందికీ కదిలే గరగర చాలా మటుకు పోతుంది. అచ్చమైన మోనో కార్ట్రిడ్జ్ కొంటే మాత్రం దానితో స్టీరియో రికార్డు వేయవద్దు. కొన్ని మోనో కార్ట్రిడ్జ్‌లలో ముల్లు పైకీ కిందికీ కదలడానికి వీలుండదు, స్టీరియో గాడి గోడలు తెగిపోతాయి.

ప్రీయాంప్‌లు నేడు అనుసరించే ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డు కోసేటప్పుడు మార్చిన మంద్ర, తార స్వరాల పాళ్లను తిరిగి సరిచేసే వక్రరేఖ) 1954లో స్థిరపడింది. అంతకు ముందరి రికార్డులను వేర్వేరు కంపెనీలు వేర్వేరు వక్రరేఖలతో కోశాయి. 78లు మరీ గుబగుబలాడుతూనో, మరీ పలచగానో వినిపిస్తే ముల్లును నిందించే ముందు టోన్ కంట్రోళ్లను వాడి చూడండి. ఈ ఒక్క సందర్భంలో వాటిని వాడటానికి మొహమాటపడవద్దు.

ఎల్‌పీల ముల్లు ఆకారం గురించి కూడా అడిగారు. శంఖాకారపు ముల్లు అమరికలోని చిన్న తప్పులను మన్నిస్తుంది. చివరి గాడులలోని సన్నని మలుపులను మాత్రం అందుకోలేదు. ఎలిప్టికల్ (దీర్ఘవృత్తాకారపు) ముల్లు వాటిని కొంత అందుకుంటుంది. మైక్రోలీనియర్, షిబాటా రకాలు గోడను పైనుంచి కింది దాకా సన్నని గీతలా తాకుతాయి, అందుకే ఎక్కువ కాలం మన్నుతాయి కూడా. ఆడియో-టెక్నికా తన ముళ్లకు ఇచ్చే అంచనాలలో ఎలిప్టికల్‌కు 300 గంటలు, శంఖాకారానికి 500, షిబాటాకు 800, మైక్రోలీనియర్‌కు 1,000 గంటలు. ఖరీదు ఎక్కువైన ముల్లు గంటల లెక్కన చూస్తే అంత ఖరీదు కాకపోవచ్చు. కానీ దానిని ప్రొట్రాక్టర్ లేకుండా బిగించడమంటే కొన్నదంతా నీటిపాలు చేయడమే.

ప్రశ్న: కొత్త టర్న్‌టేబుల్‌ను యాంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్‌కు కలిపితే శబ్దం భీకరంగా, చితికినట్టు వస్తోంది. కార్ట్రిడ్జ్ లోపమా?

జవాబు: కాదు. మీ టర్న్‌టేబుల్‌లోనే ప్రీయాంప్ ఉండి ఉంటుంది. ఒకసారి పెరిగిన సంకేతం మళ్లీ పెరుగుతోంది. వెనుక ఫోనో, లైన్ అని రాసిన స్విచ్‌ను ఫోనో వైపు జరపండి, లేదా కేబుల్‌ను యాంప్లిఫయర్ లైన్ ఇన్‌పుట్‌కు మార్చండి. రెండూ విని, మెరుగనిపించిన దానిని ఉంచుకోండి.

ప్రశ్న: కార్ట్రిడ్జ్‌ను నేనే మార్చుకోవాలనుకుంటున్నాను. ఆ సన్నని తీగలు చూస్తే భయంగా ఉంది. జాగ్రత్తలు చెబుతారా?

జవాబు: భయపడవలసిన పని కాదు, తొందరపడకూడని పని. యాంప్లిఫయర్ ఆపండి. ముల్లు తొడుగు పెట్టే ఉంచండి. మూవింగ్ మాగ్నెట్ అయితే ముల్లును పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టి, బిగింపు అంతా అయ్యాక తిరిగి తొడగండి. తీగను పట్టుకుని లాగవద్దు. దాని చివర ఉన్న లోహపు గొట్టాన్ని సన్నని పట్టకారుతో పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ పిన్ను మీదుగా తీయండి. గొట్టం వదులుగా ఉంటే లోపల పుల్ల దూర్చి పట్టకారుతో మెల్లగా నొక్కితే బిగుస్తుంది; బిగుతుగా ఉంటే బలవంతంగా తొయ్యకుండా పుల్లతోనే కాస్త వెడల్పు చేయాలి. కార్ట్రిడ్జ్ పిన్నుల దగ్గర టంకం మాత్రం ఎన్నడూ వేయకండి, ఆ వేడికి లోపలి వెంట్రుకంత తీగ తెగిపోతుంది.

ఎరుపు కుడి సంకేతం, ఆకుపచ్చ కుడి గ్రౌండ్, తెలుపు ఎడమ సంకేతం, నీలం ఎడమ గ్రౌండ్. ఒక జతలో రెండు తీగలు తారుమారైతే శబ్దం వస్తుంది కానీ మంద్రం మాయమై, గాయకుడు రెండు స్పీకర్ల మధ్య నిలవక గది అంతా చెదిరిపోయినట్టుంటుంది. అలా వినబడితే ఇంకేమీ మార్చకుండా ముందు ఆ నాలుగు తీగల రంగులను మళ్లీ చూసుకోండి. మరలను కార్ట్రిడ్జ్ చేత్తో జరిగేంత వదులుగా ఉంచి, ప్రొట్రాక్టర్‌తో అమరిక సరిచూసి, ఒక్కొక్క మరను చెరో పావు తిప్పు చొప్పున మార్చి మార్చి బిగించండి. చివర బిగించేటప్పుడు కార్ట్రిడ్జ్ వెంట్రుకవాసి పక్కకు తిరగడం అందరికీ జరిగేదే కనుక, బిగించిన తర్వాత అమరికను ఇంకొకసారి చూడండి.